తీపి నీళ్ళ తీరం గురించి రాసిన అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. గ్రీసు దేశపు క్రీట్ ద్వీపంలో, దక్షిణ తీరాన హోరా స్ఫాకియోన్ అనే చిన్న రేవు ఊరి నుంచి గ్లికా నెరా, అంటే తీపి నీళ్ళు, అనే తీరం దాకా జూన్ నెలలో నువ్వు చేసిన నడక గురించి రాశావు. భాష శుభ్రంగా ఉంది. ఆ మాట చెప్పి ముందుకు వెళతాను, ఎందుకంటే ఇంత త్వరగా జవాబు రాయడానికి కారణం నీ చివరి పేజీ. గులకరాళ్ళ మీద కూర్చుని సూర్యుడు సముద్రంలో మునిగిపోవడం చూశానని రాశావు. అమ్మాయీ, ఆ తీరం దక్షిణానికి తిరిగి ఉంది. దాని ఎదుట ఉన్నది లిబియా సముద్రం. జూన్‌లో అక్కడ సూర్యుడు వాయవ్య దిక్కున అస్తమిస్తాడు, ఆ దిక్కున తీరానికి వెనక నిటారుగా కొండ లేచి ఉంది. సాయంత్రం అక్కడ కూర్చున్నవారికి సూర్యుడు చాలా ముందే కొండ చాటుకు వెళ్ళిపోతాడు. కాళ్ళ దగ్గర నీడ పరుచుకున్నాక కూడా ఎదుట సముద్రం మీద వెలుగు చాలాసేపు నిలుస్తుంది. నువ్వు సాయంత్రం దాకా ఉన్నమాట నిజమైతే నీ కళ్ళు చూసినది ఇదే. దీన్ని వదిలేసి ఎక్కడో చదివిన అస్తమయాన్ని ఎందుకు తెచ్చి పెట్టావు?

ఇలాంటిదే మొదటి పేజీలోనూ ఉంది. పొద్దున్నే బయలుదేరి పడమరకు నడిచినదానివి, సూర్యుడు నీ ముఖం మీద ఎలా ఉదయించాడు? ఆ దారిలో ఉదయపు ఎండ వీపు మీద పడుతుంది. సముద్రం ఎడమ చేతి వైపు, కొండ కుడి చేతి వైపు ఉంటాయి. చెట్టు నీడ దాదాపు లేదు కనుక కాసేపటికి ఎండ కన్నా సున్నపురాయి నుంచి వచ్చే వేడి ఎక్కువ బాధిస్తుంది. మా అబ్బాయి జర్మనీలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నేను కూడా ఆ దారిన నడిచాను కాబట్టి ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను. నడకను రాసేవారు పాదాల నుంచి రాయాలి. ఏ దిక్కుకు నడిచాం, కాలి కింద ఏముంది, నీడ ఎక్కడ దొరికింది, దప్పిక ఎక్కడ తీరింది అన్న లెక్క కుదిరిన తరువాతే అందం గురించి మాట్లాడే హక్కు వస్తుందని నా నమ్మకం. ఎన్నో ఏళ్ళుగా ఈ మాట చెబుతూనే ఉన్నాను, ఇకముందూ చెబుతాను.

మన భాషలో యాత్రారచన అలాగే మొదలైంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, మజిలీ మజిలీకీ ఊరు ఎంత దూరం, దారి ఎలాంటిది, నీళ్ళ వసతి ఉందా, అంగళ్ళు ఉన్నాయా అని రాసిపెట్టాడు. పరవశించమని పాఠకుణ్ణి ఆయన ఎక్కడా బతిమాలలేదు. అయినా దాదాపు రెండు వందల ఏళ్ళ తరువాత ఆ దారి మన కళ్ళకు కడుతోంది. ఇప్పటి యాత్రా వ్యాసాలు వీసా కార్యాలయంలో మొదలై, విమానం కిటికీ దగ్గర కాసేపు ఆగి, రెండేసి మాటల వాక్యాలతో ఒక్కొక్క పంక్తికి ఒక్కొక్క పేరా కట్టుకుంటూ, 'స్వర్గం' అనే మాట దగ్గర ముగుస్తున్నాయి. నీ వ్యాసంలో ఆ మాట పదే పదే వచ్చింది. వచ్చిన ప్రతిచోటా దారి కనిపించకుండా పోయింది.

ఆ దారి ఎలా ఉంటుందో నీ వ్యాసం నుంచి నాకు తెలియలేదు. హోరా స్ఫాకియోన్ దాటాక అనోపోలి అనే కొండ ఊరి వైపు వెళ్ళే తారురోడ్డు మీద ఇలింగస్ తీరం పక్కనుంచి కొంత దూరం నడిచి, రోడ్డు కొండెక్కడానికి మలుపు తిరిగే చోట దాన్ని వదిలి కాలిబాట పట్టాలి. యూరప్ ఖండమంతా సాగే ఈ-4 అనే సుదీర్ఘమైన నడక దారిలో అదొక భాగం; రాళ్ళ మీద పసుపు, నలుపు రంగుల గుర్తులు ఉంటాయి. కొంత మేర ఆ బాటను కొండ రాతిలోనే తొలిచారు. ఒక పక్క తలపైకి వంగిన రాయి, మరో పక్క పట్టుకోవడానికి ఏమీ లేని లోయ, దాని అడుగున సముద్రం. పైనుంచి జారిపడిన బండలు అక్కడక్కడా బాటకు అడ్డంగా ఉంటాయి. 'కొంత కష్టమైన నడక తరువాత' అని నాలుగు మాటల్లో నువ్వు దాటేసింది దీన్నంతటినీ! నీకు అక్కడ భయం వేసిందా, లేదా? వేసి ఉంటే అది వ్యాసంలో ఎందుకు లేదు?

దారిని దాటేసినందువల్లే 'మనిషి జాడ లేని తీరం' అని రాయగలిగావు. ఆ రాతిని తొలిచిన చేతులు, ఆ గుర్తులకు రంగు వేసిన చేతులు మనుషులవి కావా? పైగా రెండు పేజీల తరువాత ఆ తీరంలోని టవెర్నాలో, అంటే చిన్న భోజనశాలలో, చల్లటి కాఫీ తాగానని నువ్వే రాశావు. రోడ్డు లేని ఆ చోటికి కాఫీ పొడి నుంచి కుర్చీల దాకా ప్రతిదీ పడవలో రావలసిందే. దాన్ని తెచ్చి, మోసి, కాఫీ కలిపి ఇచ్చిన మనిషి నీ వ్యాసంలో లేడు. ఏకాంతంగా ఉండే చోటును నేనూ ప్రేమిస్తాను. కానీ అక్కడి మనుషుల్ని తుడిచేసి ఏకాంతం అని పేరు పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 మే నెలాఖరులో, జర్మన్ల దాడికి వెనుదిరిగి, ఉత్తర తీరం నుంచి కొండలు దాటి, దప్పికతో అలమటిస్తూ వచ్చిన న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, బ్రిటిష్ సైనికుల్ని రాత్రివేళల్లో ఓడలు ఎక్కించినది ఈ హోరా స్ఫాకియోన్ నుంచే. జూన్ 1 నాటికి ఓడలు ఆగిపోయాయి, ఇంకా వేలమంది ఒడ్డునే ఉండిపోయి జర్మన్లకు లొంగిపోయారు. ఇదంతా వ్యాసంలో కూరమని నేను చెప్పడం లేదు. నువ్వు బయలుదేరిన రేవులో వాళ్ళ స్మారకం ఉంది, దాని పక్కనుంచే నడిచావు అని మాత్రం గుర్తుచేస్తున్నాను.

నీకు ఆ అస్తమయం ఎక్కడి నుంచి అంటుకుందో నాకు తెలుసు. నేను ఈ నడక గురించే రాసిన వ్యాసాన్ని అప్పట్లో ఒక ఆదివారం అనుబంధం వారు తీసుకున్నారు. సంపాదకుడు ఫోన్ చేసి, పాఠకులకు ఈ రాళ్ళూ మలుపులూ ఎందుకండీ, నీళ్ళ రంగు చెప్పండి చాలు అన్నాడు. అచ్చయ్యాక చూస్తే రాతి బాట మొత్తం ఎగిరిపోయింది, చివర నేను రాయని సూర్యాస్తమయం ఒకటి నా పేరు కింద చేరింది. దాని పైన మరేదో ద్వీపపు ఫోటో వేశారు. నేను ఆ పత్రికకు మళ్ళీ రాయలేదు. వ్యాసం పూర్తి పాఠాన్ని చేత్తో తిరగరాసి పత్రికల చుట్టూ తిప్పాను. 'నిడివి ఎక్కువ' అన్న చీటీలతో తిరిగి వచ్చేది. చివరకు పారితోషికం ఇవ్వలేని ఒక చిన్న పత్రిక ఒక్క మాట కూడా తీయకుండా వేసింది. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. పాఠకుడికి రాళ్ళు అక్కర్లేదని పాఠకుణ్ణి అడగకుండా నిర్ణయించేవారు మా కాలంలోనూ ఉన్నారు, నీ కాలంలోనూ ఉంటారు. వాళ్ళ కోసం నువ్వు ముందుగానే రాళ్ళు ఏరి పారేసి ఇవ్వకు.

నీ వ్యాసంలో నన్ను కదిలించిన వాక్యం ఒకటే ఉంది. గులకరాళ్ళను చేతులతో తోడి, ఊరిన నీటిని దోసిట్లో తాగితే తియ్యగా ఉందని, పెన్నలో చెలమ తీసే మీ అవ్వ గుర్తొచ్చిందని రాశావు. అక్కడ నేను కాగితం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. నువ్వు మాత్రం ఆ వాక్యం తరువాత మళ్ళీ నీలి రంగుకు వెళ్ళిపోయావు! సముద్రానికి కొద్ది అడుగుల దూరంలో మంచినీళ్ళు ఎందుకు ఊరుతున్నాయో నీకు అడగాలనిపించలేదా? ఆ తీరం వెనక లెఫ్కా ఓరి, అంటే తెల్ల కొండలు, 2,400 మీటర్లకు పైగా లేచి ఉన్నాయి. వాటి శిఖరాల మీద వసంతం చివరి దాకా మంచు ఉంటుంది. కొండంతా సున్నపురాయి కావడం వల్ల కరిగిన మంచు, కురిసిన వాన ఏరుగా పారకుండా పగుళ్ళలోకి ఇంకి, కొండ గర్భంలో నుంచి దిగి సముద్రమట్టం దగ్గర బయటపడతాయి. మంచినీరు ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి దాని పైన నిలుస్తుంది. అందుకే నువ్వు లోతుగా తవ్వకుండానే తియ్యటి నీళ్ళు దొరికాయి. మీ అవ్వ తోడినది ఏటి ఇసుకలో నిలిచిన నీరు, నువ్వు తాగినది కొండ మీద కరిగి వచ్చిన మంచు. ఈ రెండు నీళ్ళ మధ్య నీ వ్యాసం ఉంది. అవ్వ ఏ వేళకు వెళ్ళేది, చెలమ ఎంత లోతు తీసేది, నీరు తేరుకునే దాకా ఏం చేసేది, నువ్వు ఆమె పక్కన కూర్చున్నావా అన్నవి నాకు కావాలి.

పుస్తకంగా ఎవరు వేస్తారని, ఫోటోలు జత చేయాలా అని, ఇంకా చాలా అడిగావు. ఫోటోలు వద్దు. మిగిలిన వాటికి ఇప్పుడు జవాబు రాయను. మాండలికం గురించి అడిగినదానికి మాత్రం చెబుతాను: అవ్వ మాటలు అవ్వ పలికినట్టే ఉండనివ్వు, వాటిని ఎవరు దిద్దబోయినా ఒప్పుకోకు.

రెండో ప్రతి రాసి పంపు. అస్తమయం తీసెయ్యి, టవెర్నా మనిషిని తిరిగి తీసుకురా. గ్లికా నెరా నుంచి లూట్రోకు చేరానని ఒక్క ముక్కలో రాశావు. ఆ ఊరికీ రోడ్డు లేదు. పడవలో వెళ్ళాలి, లేదా మరో గంట నడవాలి. నువ్వు ఎలా వెళ్ళావో, సీసాలో ఆ నీళ్ళు నింపుకున్నావో లేదో కూడా రాయి.

శుభాకాంక్షలతో,
మీ మాస్టారు