కూల్చేసిన రూజ్‌వెల్ట్ స్టేడియం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోని జెర్సీ సిటీలో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటి ఏడాది మేమిద్దరం వెళ్ళి ఆరు నెలలు ఉండి వచ్చాం. సాయంత్రం నడకలో పరిచయమైన ఒక పెద్దాయన, న్యూవార్క్ బే ఒడ్డున ఉన్న ఇళ్ళ వరుసను చూపించి, "ఇక్కడే రూజ్‌వెల్ట్ స్టేడియం ఉండేది, మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకొని బేస్‌బాల్ చూపించడానికి తెచ్చేవాడు" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. అది మైనర్ లీగ్ స్టేడియమేనని మా అబ్బాయి చెప్పాడు. అలాంటి మైదానం కోసం ఆయన అంతగా ఎందుకు బాధపడ్డాడో వివరించగలరా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి

జవాబు: మాస్టారూ, ముందుగా మైనర్ లీగ్ అన్న మాట సంగతి చెబుతాను. అది పిల్లల ఆట కాదు. అమెరికాలో మేజర్ లీగ్ అనే అత్యున్నత స్థాయిలో ఆడే పెద్ద బేస్‌బాల్ జట్లు చిన్న ఊళ్ళలోని జట్లతో ఒప్పందం పెట్టుకొని, తమ కుర్రాళ్ళను జీతమిచ్చి అక్కడ ఆడించి, రాటుదేలినవారిని పైకి పిలుచుకుంటాయి. న్యూయార్క్ జెయింట్స్‌కు అలాంటి జట్టు జెర్సీ సిటీ జెయింట్స్, దాని సొంత మైదానం మీరు చెప్పిన స్టేడియం. ఆర్థిక మాంద్యంలో పనులు లేనివారికి ఉపాధి చూపడానికి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం మొదలుపెట్టిన పథకం డబ్బుతో దాన్ని కట్టారు కాబట్టి ఆయన పేరే పెట్టి, 1937లో ప్రారంభించారు. ఏటా మొదటి మ్యాచ్ రోజును మేయర్ ఫ్రాంక్ హేగ్ ఊరి పండగలా జరిపించేవాడు.

అయితే ఆ నేలకు చరిత్రలో చోటు దక్కింది 1946 ఏప్రిల్ 18న. అప్పటికి అరవై ఏళ్ళుగా, ఎక్కడా చట్టంలో రాసుకోకపోయినా, నల్లజాతి ఆటగాళ్ళను తెల్లవారి వృత్తి బేస్‌బాల్‌లోకి రానివ్వకూడదన్న కట్టుబాటు నడుస్తూ వచ్చింది. న్యూయార్క్‌లోని మరో పెద్ద జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్ అధిపతి బ్రాంచ్ రికీ 1945లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్‌తో ఒప్పందం కుదుర్చుకొని, ముందుగా తమ మైనర్ జట్టు మాంట్రియల్ రాయల్స్‌లో ఆడించాలనుకున్నాడు. సీజన్‌కు ముందు సన్నాహక మ్యాచ్‌ల కోసం ఆ జట్టు ఫ్లోరిడా వెళితే, జాక్సన్‌విల్‌లో రాబిన్సన్ ఆడతాడన్న ఒక్క కారణంతో మ్యాచ్ రద్దుచేసి, స్టేడియం గేట్లకు తాళాలు వేశారు. అలా ఒకచోట మూసుకున్న తలుపు, కొద్ది వారాలకే జెర్సీ సిటీలో తెరుచుకుంది.

ఆ రోజు జెర్సీ సిటీ జెయింట్స్‌తో మ్యాచ్‌లో మొదటిసారి బ్యాటింగ్‌కు వచ్చినప్పుడు రాబిన్సన్ సులువుగా అవుటయ్యాడు. మూడో ఇన్నింగ్స్‌లో (బేస్‌బాల్‌లో ఒక్కో జట్టుకు తొమ్మిది విడతలుంటాయి) మళ్ళీ వచ్చినప్పుడు, బేసుల మీద, అంటే పరుగు కోసం ఒకటొకటిగా చేరవలసిన గుర్తుల మీద, ఇద్దరు సహచరులు నిలిచి ఉండగా, ఎడమవైపు కంచె దాటేలా బంతిని కొట్టాడు. దానితో మూడు పరుగులు వచ్చాయి. బేసులన్నీ చుట్టి అతను తిరిగి వచ్చే వేళకు, తరువాత బ్యాటింగ్ చేయవలసిన జార్జ్ షూబా అనే తెల్ల ఆటగాడు ముందుకు వచ్చి, నవ్వుతూ చేయి చాచి కరచాలనం చేశాడు. ఆ క్షణం ఫోటోకు చిక్కింది. ఆటలో రోజూ కనబడే మర్యాదే కదా అని మనకు అనిపించవచ్చు, కానీ వేలమంది చూస్తుండగా ఆ రెండు చేతులు కలవడానికి ఆ దేశపు వృత్తి బేస్‌బాల్‌లో అరవై ఏళ్ళుగా చోటే లేదు. షూబా ఆ ఫోటోను తన ఇంటి గోడకు తగిలించుకున్నాడు. ఆ మ్యాచ్‌లో రాబిన్సన్ నాలుగు హిట్లు (అవుట్ కాకుండా బేసు చేర్చే దెబ్బలు) కొట్టి, నాలుగు పరుగులు చేయగా, మాంట్రియల్ 14-1తో గెలిచింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 15న అతను బ్రూక్లిన్ తరఫున మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. లోకమంతా ఆ తేదీనే స్మరించుకుంటుంది, నా దృష్టిలో మాత్రం గడప దాటింది జెర్సీ సిటీలోనే.

ఇక ఆ పెద్దాయన కన్నీళ్ళ సంగతి. మా నెల్లూరులో చిన్నప్పుడు మ్యాచ్ ఉన్న రోజు తెల్లవారుజామునే నలుగురు కుర్రాళ్ళు కొబ్బరిపీచు మ్యాటింగ్ చుట్టను భుజాలకెత్తుకొని వచ్చి, నేల మీద పరచి, మేకులు కొట్టి బిగించేవారు. తడి మట్టి మీద ఆ పీచు వాసన నాకు ఇప్పటికీ గుర్తే. ఆ మైదానంలో జగద్విఖ్యాతుడెవరూ ఆడలేదు, అయినా దాని మీదుగా ఇళ్ళు లేస్తే నేను నిబ్బరంగా చూడలేను. అలాంటిది, తండ్రి భుజాల మీదనుంచి చూసిన చోటు పూర్తిగా కనుమరుగైపోతే ఆయన కళ్ళు చెమర్చడంలో వింత లేదు.

ప్రశ్న: పై ఉత్తరాన్ని మీ కార్యాలయంలో చదివాను. అంతటి చోటును ఎందుకు నిలుపుకోలేకపోయారు?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, మొదటి దెబ్బ టెలివిజన్ వల్ల తగిలింది. హడ్సన్ నదికి అవతలే, న్యూయార్క్‌లో, అప్పట్లో మూడు మేజర్ లీగ్ జట్లుండేవి, వాటి ఆటలు ఇంట్లో కూర్చొని చూసే వీలు కలిగాక మైనర్ జట్టుకు టికెట్ కొనేవారు తగ్గిపోయారు. 1950 సీజన్ తరువాత జెర్సీ సిటీ జెయింట్స్ ఒట్టావాకు తరలిపోయింది. 1956, 57 సంవత్సరాల్లో బ్రూక్లిన్ డాడ్జర్స్ ఇక్కడ 15 మ్యాచ్‌లు ఆడి, ఆ వెంటనే లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయింది. 1960లో క్యూబా విప్లవం కారణంగా హవానా జట్టు సీజన్ మధ్యలోనే ఇక్కడికి వచ్చి చేరినా, మరుసటి ఏడాదితో అదీ ముగిసింది. 1978లో రికీ హెండర్సన్ అనే కుర్రాడు, తరువాత 1,406 బేసులు దొంగిలించి (సహచరుడు బంతిని కొట్టకముందే తరువాతి బేసుకు పరుగెత్తి చేరడాన్ని అలా అంటారు) రికార్డు సృష్టించినవాడు, శిథిలమవుతున్న ఈ మైదానంలోనే పరుగెత్తాడు. చివరికి 1985లో కూల్చివేశారు.

నిలుపుకోవాలన్న పట్టుదల ఉంటే నిలిచేదని చెప్పడానికి అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో 1910లో ప్రారంభమైన రిక్‌వుడ్ ఫీల్డ్ ఉంది. నల్లజాతి జట్టు బ్లాక్ బారన్స్ తరఫున, తరువాత మేజర్ లీగ్‌లో పేరుపొందిన విల్లీ మేస్ కుర్రాడిగా ఆడిన ఆ మైదానంలో, ఆయన మరణించిన రెండు రోజులకు, 2024 జూన్ 20న మేజర్ లీగ్ మ్యాచ్ జరిగింది. అదే మేస్ 1956లో రూజ్‌వెల్ట్ స్టేడియం అవతల పడేలా బంతిని కొట్టాడు. ఆ గోడలు ఇప్పుడు లేవు.

కావలి మాస్టారికి ఒక మాట. మీరు మళ్ళీ వెళితే, మనవాళ్ళ దుకాణాలుండే న్యూవార్క్ అవెన్యూకు దగ్గరలోని జర్నల్ స్క్వేర్‌లో రాబిన్సన్ విగ్రహం చూసి రండి. ఆ పెద్దాయన కనబడితే, వాళ్ళ నాన్నగారు ఏ వైపు కూర్చోబెట్టేవారో, అక్కడినుంచి ఆయనకు ఏమేం కనబడేవో అడిగి, మాకు రాయండి.