రాజ్యాంగం చదివితే అన్నం పెడుతుందా?

ప్రశ్న: మాది కావలి. అమ్మాయి బీఏ ఆఖరి ఏడాది. టీవీలో జమిలి ఎన్నికలు, నియోజకవర్గాల పునర్విభజన మీద చర్చలు చూసి, లాయరునై రాజ్యాంగం కేసులే వాదిస్తానంటోంది. గ్రూప్స్ రాయమంటే వినదు. ఏం చేయమంటారు?

జవాబు: చేదు మాట ముందే చెప్పేస్తానండీ. రాజ్యాంగం కేసులే చూస్తానని బోర్డు పెట్టుకుంటే పాతికేళ్ల పిల్ల దగ్గరికి ఎవరూ రారు. అయితే రాజ్యాంగం ఢిల్లీలోనే ఉందనుకోవడమూ పొరపాటే. ఆగిపోయిన ఇంక్రిమెంటు, రద్దయిన లైసెన్సు, పోర్టుకు పోయిన పొలం, అన్నీ రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్లు, అంటే ప్రభుత్వం మీద వేసే పిటిషన్లు, అవుతాయి. మీ పక్కన రామాయపట్నం పోర్టే ఉందిగా. ఆస్తి హక్కును 1978లో 44వ సవరణ ప్రాథమిక హక్కుల్లోంచి తీసి, చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తీ లాక్కోకూడదనే 300ఎ అధికరణలో పెట్టింది. భూమి కేసుల్లో వాదన తరచూ అక్కడికే చేరుతుంది. లాయరుకు అన్నం పెట్టేది ఇలాంటి కేసులే.

అమ్మాయికి నిజంగా ఆసక్తి ఉందో లేదో చూడాలంటే ఓ పని చెప్పండి. జమిలి కోసం 2024 డిసెంబరులో పెట్టిన 129వ సవరణ బిల్లు చిన్నదే, చదవమనండి. తర్వాత దగ్గర్లోని ఏ పంచాయతీ ఆఫీసుకైనా పంపండి. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్‌లో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలున్నాయి. వాటిలో సర్పంచి చేతిలో ఎన్ని ఉన్నాయో రాసుకు రమ్మనండి. వీధి లైట్లు, కుళాయిలు దాటితే లెక్క తడబడుతుంది. ఆర్థిక సంఘం డబ్బులు కరెంటు బకాయిలకు మళ్లించారని మన సర్పంచులు ఆమధ్య రోడ్డెక్కారు కూడా. ఎందుకిలా అంటే, 243జి అధికరణ, రాష్ట్ర శాసనసభ పంచాయతీలకు అధికారాలు 'ఇవ్వవచ్చు' అంటుంది, 'ఇవ్వాలి' అనదు. ఆ ఒక్క మాట పట్టుకుని రాత్రి అన్నం దగ్గర మీతో వాదించిందా, పిల్లను ఆపకండి. టీవీలో ఎవరు గెలిచారన్నదే చెబితే ఇంకొంత కాలం ఆగొచ్చు.

దారి మామూలే. లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ, నెల్లూరు వి.ఆర్. లా కాలేజీ మీకు దగ్గర. ఆ తర్వాత ఓ సీనియర్ దగ్గర సివిల్ ఫైళ్లు మోయాలి. మొదట్లో పెట్రోలు ఖర్చు వస్తే గొప్ప, మూడు నాలుగేళ్లు ఇంటి నుంచే చూసుకోవాలి. డిగ్రీ అవగానే లాంప్ ఫెలోషిప్‌కూ అప్లై చేయించండి. ఎంపీకి పార్లమెంటు పనిలో సాయంగా ఉంటారు, వయసు 25 దాటకూడదు. గ్రూప్స్ గురించి గొడవ వద్దు. గ్రూప్-1లోనూ రాజ్యాంగం ఉంది, చదివింది ఎక్కడికీ పోదు.

పంచాయతీలో ఏం రాసుకొచ్చిందో ఆ కాగితం నాకు పంపించండి, చూస్తాను.