ఇంగ్లండ్‌లో నక్కల వేటను నిషేధించారు కదా, ఇంకా హంట్ సాబొటర్లు (వేటను చెడగొట్టే కార్యకర్తలు) ఎందుకు? అది శాసనోల్లంఘనేనా?

నిషేధం 2005 ఫిబ్రవరి నుంచే ఉంది. కానీ వేట బృందాలు ఇప్పుడు ‘ట్రెయిల్ హంటింగ్’ చేస్తున్నామంటాయి. ముందుగా వాసన పట్టించిన గుడ్డను నేల మీద ఈడ్చుకెళ్తే, హౌండ్లు, అంటే వేటకుక్కలు, దాని వెంట పడతాయట. మధ్యలో నిజం నక్క లేచి చచ్చిందా, ‘అనుకోకుండా జరిగింది’ అనేస్తారు. కావాలనే చేశారని కోర్టులో రుజువు చేయడం మామూలు విషయం కాదు.

యార్క్‌షైర్‌లో చదువుకునేటప్పుడు చలికాలం శనివారాల్లో మా హౌస్‌మేట్ వెంట నేనూ వేటను అడ్డుకోవడానికి వెళ్లేదాన్ని. నినాదాలూ తోపులాటలే ఉంటాయనుకుంటారు గానీ, అసలు పనంతా కుక్కలతోనే. నక్క పొదలోంచి దూకి పోయిన దారి మీద సిట్రొనెల్లా నూనె కలిపిన నీళ్లు స్ప్రే చేస్తారు. ఆ ఘాటులో నక్క వాసన కలిసిపోతుంది. హౌండ్లు అక్కడిదాకా వచ్చి, ముక్కులు నేలకానించి అక్కడక్కడే తిరుగుతాయి. సరిగ్గా అప్పుడు మాలో ఒకావిడ వేటగాళ్లలాగే చిన్న బూర ఊదేది. సగం గుంపు తలలెత్తి మావైపు పరుగు! ఆ కాస్త వ్యవధి దొరికితే నక్క కంచె దాటేస్తుంది. హౌండ్లను మాత్రం ఎవరినీ కొట్టనిచ్చేవారు కాదు.

క్రూర క్రీడల వ్యతిరేక లీగ్ 1924 నుంచీ చట్టం కోసం పోరాడుతూనే ఉంది. ఇక ఆగలేక 1963లో డెవాన్‌లోని బ్రిక్సమ్‌లో జాన్ ప్రెస్టీజ్ అనే జర్నలిస్టు హంట్ సాబొటర్స్ అసోసియేషన్ పెట్టాడు.

శాసనోల్లంఘనేనా అంటే, గాంధీ లెక్కలో పూర్తిగా కాదు. ఆయన వైస్రాయికి ముందే ఉత్తరం రాసి మరీ ఉప్పు చట్టాన్ని ధిక్కరించాడు. వీళ్లలో చాలామంది ముఖాలకు మాస్కులుంటాయి. నేనైతే తప్పుపట్టను. 1991లో 18 ఏళ్ల కుర్రాడు, 1993లో 15 ఏళ్ల పిల్లవాడు వేటవాళ్ల వాహనాల కింద పడి చనిపోయారు. 1994లో వచ్చిన చట్టమేమో వేటను వదిలేసి వీళ్ల మీద పడింది: పరాయి భూమిలోకి చొరబడి చట్టబద్ధమైన పనిని అడ్డుకుంటే మూడు నెలల దాకా జైలు. 2005 తర్వాత ఈ సెక్షన్ కొంత తిరగబడింది. అక్కడ జరుగుతున్నది నక్కల వేటేనని తేలితే అది చట్టబద్ధమైన పని కాదు కదా! అందుకే ఇప్పుడు బూరతో పాటు వీడియో కెమెరా కూడా తప్పనిసరి.

మీరు స్టూడెంట్ వీసా మీద ఉంటే పొలాల్లోకి దిగకండి. శిక్ష పడితే తర్వాతి వీసా దరఖాస్తులో చెప్పాల్సి వస్తుంది, ఆ టెన్షన్ మీకెందుకు? పబ్లిక్ ఫుట్‌పాత్ మీద నిలబడి వీడియో తీసే మానిటర్లుగా వెళ్లొచ్చు. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు మాత్రం కొనుక్కోండి.