ముందు గాలి ఎటు వీస్తోందో చూడు

తమ్ముడూ,

ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టేబుల్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఇష్టంగా రాశావు, ఆ సంగతి తెలుస్తూనే ఉంది. కానీ ‘అద్భుతమైన కాంతి’, ‘మైమరపించే ఆకాశం’ అన్నచోటల్లా నాకు బొమ్మ కనపడటం మానేసింది. వెలుగు ఎటునుంచి పడుతోంది? వాన వెలిసిందా, రాబోతోందా? అవేవీ చెప్పలేదు నువ్వు.

ఆయన ఏం చేశాడో చూడు. భార్య మరియాకు ఒంట్లో బాగుండక గాలి మార్పు కోసం లండన్ శివార్లలోని హాంప్‌స్టెడ్ గుట్ట మీదికి మారి, 1821, 1822లలో అక్కడ ఆరుబయట కూర్చుని చిన్న చిన్న కాగితాల మీద నూనెరంగులతో మబ్బులు వేశాడు, చాలావాటిలో ఒట్టి మబ్బులే, చెట్టూ లేదు ఇల్లూ లేదు. మబ్బు మనకోసం ఆగదు కాబట్టి గబగబా వేసి, కాగితం వెనక తేదీ, వేళ, గాలి ఎటునుంచి వీస్తోందో రాసుకునేవాడు. ఇంగ్లండ్‌లోని సఫోక్ ప్రాంతంలో మిల్లులున్న కుటుంబంలో పుట్టి, కుర్రతనంలో గాలిమరలో పనిచేసినవాడికి గాలి తిరగడమంటే ఏమిటో బాగా తెలుసు. అదే 1821లో స్నేహితుడు ఫిషర్‌కి రాసిన ఉత్తరంలో, ప్రకృతి చిత్రానికి ఆకాశమే ఆధారశ్రుతి అనీ, భావం ప్రధానంగా పలికేది అక్కడేననీ అన్నాడు. అంత భావుకుడు గాలి దిశ ఎందుకు రాసుకున్నాడో ఆలోచించు. నా ఉద్దేశంలో ఆ భావం నిలబడింది ఆ లెక్క మీదే.

నువ్వు మెచ్చుకున్న ఆయన బొమ్మ ‘ది హే వెయిన్’ (గడ్డిబండి)నే తీసుకో. 1821లోనే ప్రదర్శనకు పెట్టినప్పుడు దాని పేరు ‘ప్రకృతి దృశ్యం: మధ్యాహ్నం’. పేరులోనే వేళ ఉంది! స్టౌర్ నదిలో దిగిన బండి, ఒడ్డున కుక్క, ఎడమవైపు కమ్ముకున్న నల్లమబ్బు, కుడివైపు దూరంగా ఎండపడ్డ గడ్డిమైదానం. ఎండా నీడా రెండూ ఒకే ఆకాశంలోంచి దిగుతున్నాయి, అందుకే ఆ మబ్బు కదులుతున్నట్టు ఉంటుంది. తడి మెరిసేచోట ఆయన తెల్లరంగు చుక్కలు అద్దేవాడు, విమర్శకులు వాటిని ‘కాన్‌స్టేబుల్ మంచు’ అని ఎగతాళి చేసినా మానలేదు.

అదే కాలపు మరో ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ దారి వేరు, ఆయన వెలుగుతోనే వస్తువుల్ని మరుగుపరుస్తాడు. ఇద్దర్నీ ఒకే వ్యాసంలో ఇరికించకు, ఆ భాగం తీసి పక్కన పెట్టు.

‘హే వెయిన్’ పేరా ఒక్కటీ పొగడ్త మాట లేకుండా మళ్లీ రాసి పంపు. టెన్షన్ పడకు, నిదానంగా రాయి, నేను చదువుతాను.

మీ అన్నయ్య