అరబ్బీ ప్రతిఘటన కవిత్వంలో ఆలివ్ చెట్టు, అమ్మ, పాత వీరగాథలు ఎందుకు పదే పదే వస్తాయి?

సెన్సార్ భయం ఒక కారణం. ఇజ్రాయెల్‌లోని పాలస్తీనీయులు 1966 దాకా సైనిక పాలనలో బతికారు. కవిత రాసినందుకు జైలుకెళ్లినవాళ్లున్నారు. కానీ భయమొక్కటే అనుకుంటే పొరపాటు. పాలస్తీనా కవి మహమూద్ దర్వీష్ పుట్టిన అల్ బిర్వా గ్రామం, ఇజ్రాయెల్ ఏర్పడిన 1948 యుద్ధం తర్వాత నేలమట్టమైంది. ఊరే లేనప్పుడు అక్కడి ఆలివ్ చెట్టే పట్టాకాగితం. అందుకే 'గుర్తింపు కార్డు' కవితలో తన వేళ్లు ఆలివ్ చెట్లకన్నా ముందే నేలలోకి దిగాయంటాడు.

ఈజిప్టు కవి అమల్ దున్కుల్ దారి వేరు. 1976లో రాసిన 'రాజీపడకు'లో, ఇస్లాంకు పూర్వపు బసూస్ యుద్ధంలో హతుడైన కులైబ్ చేత తమ్ముడికి ఆఖరి మాట చెప్పించాడు. మరుసటి ఏడాదే ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ ఇజ్రాయెల్‌తో శాంతి కోసం జెరూసలేం వెళ్లాడు. కవితలో ఇజ్రాయెల్ పేరే లేకపోయినా, ఎవరితో రాజీ వద్దంటున్నాడో పాఠకులకు విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. నా దృష్టిలో ఇదే అసలైన పనితనం.

అయితే ప్రతిదానికీ గూఢార్థం వెతక్కండి. దర్వీష్ 'మా అమ్మకు' కవితలోని అమ్మను అందరూ మాతృభూమి అన్నారు. ఆయన మాత్రం అది నిజంగా తన అమ్మ కోసమే రాశానన్నాడు.