ఓడల పజిల్ విప్పబోయే మేనల్లుడికి

చిరంజీవి కార్తీక్‌ను మేనమామ ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నీవు పంపిన ఓడల పజిల్ అందింది. మ్యాపులో చుక్క భద్రకాళి చెరువు కట్ట మీద కనిపిస్తున్నదని నేరుగా అక్కడికి బయలుదేరకు. జియోకాష్ అంటే ఎవరో దాచిపెట్టగా, అక్షాంశ రేఖాంశాలను బట్టి వెతికి పట్టుకొనే డబ్బా. పజిల్ విప్పితేనే చోటు తెలిసే జియోకాష్‌లలో ఆ చుక్క పేరుకు పెట్టినదే. అసలు డబ్బా దానికి ఇంచుమించు 3 కిలోమీటర్ల లోపున ఎక్కడైనా ఉండవచ్చు.

ముందు లెక్క సరిచూసుకో. 10 అడ్డువరుసలు, 10 నిలువువరుసలు గల ఆ పట్టికలో 4 గళ్ల యుద్ధనౌక ఒకటి, 3 గళ్ల క్రూజర్లు 2, 2 గళ్ల డిస్ట్రాయర్లు 3, ఒంటిగడి జలాంతర్గాములు 4 దాగి ఉంటాయి. ప్రతి వరుస పక్కనున్న అంకె ఆ వరుసలో ఓడల గళ్లు ఎన్నో చెబుతుంది. మొత్తం 20 గళ్లు కనుక, అడ్డువరుసల అంకెలు కూడినా నిలువువరుసల అంకెలు కూడినా 20 రావాలి. రాలేదంటే అంకె తప్పుగా దించుకున్నావన్నమాట.

మీ వయసువాళ్లు ఓడల కోసం వెతుకుతారు గాని, ఈ పజిల్‌ను విప్పేది నీళ్లే. సున్న ఉన్న వరుసంతా నీరు. ఏ రెండు ఓడలూ మూలలకైనా తాకరాదు కాబట్టి, ఒక గడిలో ఓడ ఉన్నదని తేలిన మరుక్షణం, ఆ ఓడ ఎటు సాగినా సరే, దాని నాలుగు మూలల గళ్లలో నీటి చుక్కలు పెట్టవచ్చు. పట్టికలో ముందే గీసి ఇచ్చిన ఓడ ముక్క చదరంగా ఉంటే అది ఓడ నడిమి భాగం. దానికి పైన నీరున్నదంటే ఓడ అడ్డంగానే ఉన్నదని, ఎడమ గడీ కుడి గడీ రెండూ ఓడవేనని రూఢి అవుతుంది. జలాంతర్గాములను చివరికి వదిలిపెట్టు. ఎక్కడ పడితే అక్కడ ఇమిడేవాటి వల్ల తెలిసేది తక్కువ. పెద్ద నౌక మాత్రం 4 గాని అంతకు మించిన అంకె గాని ఉన్న వరుసలోనే పడుతుంది, నీళ్లు నింపిన తరువాత అటువంటి చోట్లు తరచుగా ఒకటో రెండో మిగులుతాయి. రెండు మిగిలితే ఒకదానిలో పెన్సిలుతో పెట్టి చూడు. అంకెలు కుదరకపోతే రెండోదే సరైనది. సరిగా కూర్చిన పజిల్‌కు జవాబు ఒక్కటే కనుక, నీకు రెండు వచ్చాయంటే ఏదో నియమం మరిచావు.

డబ్బా ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలలో ఏ గడి ఏ అంకె అవుతుందో పజిల్ కాగితం అడుగున ఉంది, దాన్ని తు.చ. తప్పకుండా పాటించు. నావికుల మైలు, అంటే 1852 మీటర్లు, అక్షాంశంలో ఒక నిమిషం దూరమే. ఆ లెక్కన నిమిషాల మూడో దశాంశ స్థానంలో ఒక్కటి తేడా వస్తే జరిగేది రెండు మీటర్ల లోపే. మొదటి స్థానంలో వస్తే 185 మీటర్లు, అంటే హన్మకొండలో వేరే గల్లీ. ఇక 17 డిగ్రీల 59.500 నిమిషాలను ఫోనులో 17.59500 డిగ్రీలుగా కొట్టావో, 40 కిలోమీటర్లకు పైగా దక్షిణాన తేలుతావు.

గుట్ట బండల నడుమ ఫోను చూపే చోటు కొన్ని మీటర్లు అటూ ఇటూ జరుగుతుంటుంది గనుక, దగ్గరికి చేరాక ఫోను జేబులో పెట్టి సందులు వెతుకు. తేళ్లుంటాయి, చెయ్యి పెట్టేముందు కట్టెతో తట్టు. తవ్వే పని లేదు, డబ్బాను పాతిపెట్టరాదన్నది ఆ ఆట నియమమే. పురావస్తు శాఖ రక్షణలోని రాళ్లను మాత్రం ముట్టనే వద్దు. డబ్బాలోని పుస్తకంలో పేరు, తేదీ రాసి, ఉన్నచోటనే ఉన్నట్టుగా పెట్టు. పెన్ను నీవే తీసుకొనిపో, చిన్న డబ్బాలలో పెన్ను పట్టదు.