లక్షకు నెలకు 10 వేలు ఇస్తామంటే, ముందు పీఎఫ్ పాస్‌బుక్ చూడండి

ప్రశ్న: మాది చీమకుర్తి. మా ఆయన గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద చేస్తారు. 2015లో 12 వేలు వచ్చేది, ఇప్పుడు 18 వేలు. పీఎఫ్ పట్టుకుంటామంటారు, పాస్‌బుక్ మేమెప్పుడూ చూడలేదు. పొలం అమ్మిన డబ్బు 4 లక్షలు ఉంటే, మా వీధిలో ఒకామె మాట మీద 50 వేలు ఒక స్కీములో కట్టాను. లక్షకు నెలకు 10 వేల చొప్పున 20 నెలలు ఇస్తారట. నాకు రెండు నెలలు 5 వేల చొప్పున వచ్చాయి. ఇంకొకరిని చేర్పిస్తే నూటికి 5 కమీషన్. నూటికి 2 రూపాయల వడ్డీకి తెచ్చిన 60 వేల అప్పుంది. పాపకు తొమ్మిదేళ్లు. మిగతా 3.5 లక్షలు కూడా కట్టమంటారా?

జవాబు: కట్టకండి. లక్ష కట్టినవాళ్లకు మొదటి పది నెలలు వచ్చేది వాళ్ల లక్షే. అవతలివాడు ఏ వ్యాపారమూ చేయకుండానే పది నెలలు టంచనుగా ఇవ్వగలడు, కమీషన్ పోతే తొమ్మిదిన్నర నెలలు. ఆ తర్వాత ఇచ్చేదంతా కొత్తగా చేరినవాళ్ల డబ్బే. ఆ కమీషన్ ఎందుకో ఇప్పుడు అర్థమైందిగా! మీకొచ్చిన 10 వేలు లాభం కాదు, మీ సొమ్ములో ఒక ముక్క. మిగతా 40 వేలు ఇప్పుడే అడగండి. రసీదు, ఫోన్‌పే వివరాలు, వాట్సాప్ మాటలు దాచుకోండి. ఇవ్వకపోతే పోలీసులకు ఫిర్యాదు చేయండి. అనుమతి లేకుండా జనం దగ్గర డబ్బు వసూలు చేసే స్కీములను ఆపే అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం 2019 నుంచి ఉంది. ఆశ చూపి ఇతరులతో కట్టించడమూ ఆ చట్టం కింద నేరమే, కాబట్టి ఆ నూటికి 5 జోలికి అసలు వెళ్లొద్దు. డిపాజిట్లు తిరిగివ్వక జనాన్ని ముంచిన అగ్రిగోల్డ్ కంపెనీలో 10 వేల లోపు కట్టినవాళ్లకు ప్రభుత్వం డబ్బిచ్చింది 2019లో, 20 వేల లోపు వాళ్లకు 2021లో. పోయిన డబ్బు అంత నిదానంగా వస్తుంది, అదీ వస్తే.

ఇలాంటివాటికి ఆశపడటం మీ తప్పని నేననను. ఏడాదికి 5 శాతం చొప్పున ధరలు పెరిగాయనుకున్నా, 2015 నాటి 12 వేలు పదేళ్లకే 19,500 కావాలి. పని అదే, దుమ్ము అదే, జీతం మాత్రం తగ్గినట్టే. 2015లో పది గ్రాములు 26 వేల చుట్టూ ఉన్న బంగారం 2025లో లక్ష దాటింది. పొలమో బంగారమో ఉన్నవాడు పెరిగాడు, చెమటోడ్చినవాడు అక్కడే ఆగాడు.

అందుకే కష్టార్జితంలో కారిపోతున్నదేమిటో ముందు చూడండి. స్లిప్పులో బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం) కలిపి 12 వేలు అని ఉంటే, ఆయన జీతం నుంచి 1,440 కోస్తారు. యజమాని మరో 1,440 వేయాలి. అందులో దాదాపు 1,000 పెన్షన్‌కు, 440 పీఎఫ్‌కు పోతాయి. అంటే ఖాతాలో నెలకు 1,880 పడాలి. మూడేళ్లు కట్టకపోతే వడ్డీ కాకుండానే 67,680 పోయినట్టు. రిజిస్టరైన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే నిల్వ తెలుస్తుంది, నెలల వారీగా చూడాలంటే ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరవండి. ఎక్కువగా జరిగే మోసాలు మూడు: కోసి కట్టకపోవడం, పనిదినాలు తగ్గించి చూపడం, కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కొత్త యూఏఎన్ (ఎన్ని పనులు మారినా ఒకటే ఉండాల్సిన పీఎఫ్ నంబరు) పుట్టించడం. ఈ మూడోది అమాయకంగా కనిపిస్తుంది గానీ, పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, నంబర్లు కలపకపోతే ఆ లెక్క తెగిపోతుంది. కాంట్రాక్టర్ ఎగ్గొడితే ఫ్యాక్టరీ యజమానిదే బాధ్యత, ఆలస్యానికి ఏడాదికి 12 శాతం వడ్డీ కూడా కట్టాలి. ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కార్డు కూడా అడగండి. 21 వేల లోపు జీతానికి అది వర్తిస్తుంది, ఆయన వాటా నెలకు 135 రూపాయలే. రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌ను ఈఎస్ఐ వృత్తి వ్యాధిగా గుర్తిస్తుంది.

ఇక 3.5 లక్షలు. మొదట 60 వేల అప్పు తీర్చండి. ఏడాదికి 14,400 వడ్డీ మిగులుతుంది, ఏ బ్యాంకూ 24 శాతం ఇవ్వదు. లక్ష బ్యాంకు డిపాజిట్‌లో ఉంచండి, పని ఆగితే అయిదారు నెలలు గడుస్తుంది. పాప పేరిట పదేళ్లు నిండేలోపే సుకన్య ఖాతా (ఆడపిల్లల కోసం ప్రభుత్వ పొదుపు పథకం) తెరిచి 50 వేలు వేయండి. దానికి 8.2 శాతం ఇస్తున్నారు, రేటును మూడు నెలలకోసారి సమీక్షిస్తారు. ఆ వయసు దాటితే ఆ ఖాతా తెరవనివ్వరు. మిగిలిన 1.4 లక్షలు పోస్టాఫీసు ఎన్ఎస్‌సీలో (జాతీయ పొదుపు పత్రం) అయిదేళ్లు, 7.7 శాతం.

పీఎఫ్ ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పీఎఫ్ సంస్థ ఫిర్యాదుల వెబ్‌సైటు ఈపీఎఫ్ఐజీఎంఎస్‌లో పెట్టొచ్చు. లేదా ప్రతి నెలా 27న జిల్లాల్లో పీఎఫ్ సంస్థ జరిపే 'నిధి ఆప్కే నికట్' శిబిరానికి ఆయన్నే వెళ్లమనండి. ఆధార్, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, పాత యూఏఎన్ నంబర్లన్నీ పట్టుకెళ్లాలి. స్లిప్పు ఇవ్వని చోట హాజరు కార్డు ఫొటో అయినా తీసి పెట్టుకోమనండి.